బ్రైట్‌విండ్: లెక్క దాచదు, కానీ మన రుతుపవనాల సంగతి దానికి తెలీదు

మాస్ట్ (గాలి కొలిచే స్తంభం) మీది గాలి డేటాను శుభ్రం చేసి, హబ్ (టర్బైన్ రెక్కల ఇరుసు) ఎత్తుకు మార్చి, దీర్ఘకాలిక సగటు ఎంతుంటుందో తేల్చే పనికి మన ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. లైసెన్సు కొని వాడే విండోగ్రాఫర్ సాఫ్ట్‌వేర్ ఒకటి, ఎవరో ఎప్పుడో తయారుచేసి వదిలేసిన ఎక్సెల్ షీటు ఇంకొకటి. మొదటిదానికి ఏటా ఖర్చు. రెండోదాంట్లో ఏ గడిలో సూత్రం చెరిగిపోయి ఉత్త అంకె కూర్చుందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఈ రెంటి బదులు నిలబడగలిగిన సాధనం బ్రైట్‌విండ్ అనే పైథాన్ లైబ్రరీ. ఐర్లండ్‌లో ఇదే పేరుతో ఉన్న కన్సల్టెన్సీ దీన్ని రాసి, ఎంఐటీ లైసెన్సు కింద గిట్‌హబ్‌లో పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, వ్యాపారానికి వాడుకోవచ్చు, కోడ్ మార్చుకోవచ్చు. లైసెన్సు నోటీసును తీసెయ్యకుండా ఉంచితే చాలు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కూడికలు, తీసివేతల విషయంలో దీన్ని నమ్మొచ్చు, ఎందుకంటే ప్రతి సూత్రాన్నీ తెరిచి చదువుకోవచ్చు. అయితే ఇందులో ముందే పెట్టిన డిఫాల్ట్ విలువలు అనంతపురం కొండల మీది మాస్ట్‌ను చూసి పెట్టినవి కావు. తేదీ రాసే పద్ధతి, అరగంట తేడా ఉన్న మన సమయం, ఏడాది గాలిలో సింహభాగాన్ని నాలుగు నెలల్లో మోసుకొచ్చే నైరుతి, పగటికీ రాత్రికీ పొంతన లేని షియర్ (ఎత్తుతో గాలి వేగం మారే తీరు): ఈ నాలుగు చోట్లా అది మౌనంగా తప్పు జవాబు ఇవ్వగలదు. ఆ చోట్లు తెలిసినవాళ్ల చేతిలో మాత్రం డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌కు ఏమీ తీసిపోదు.

ఏ పనికి, ఏ పనికి కాదు

ఇది కొలిచిన డేటాను విశ్లేషించే సాధనం. డేటా లోడ్ చేయడం, తప్పుడు రికార్డులు తీసేయడం, కాలిబ్రేషన్ సవరించడం, షియర్, టర్బులెన్స్ (గాలి ఒడుదుడుకులు), విండ్ రోజ్ (ఏ దిశ నుంచి ఎంత గాలో చూపే చిత్రం), రిఫరెన్స్ డేటాతో (దీర్ఘకాలిక గాలి రికార్డుతో) కోరిలేషన్, వ్యాస్ప్‌కు కావాల్సిన ట్యాబ్ ఫైల్ ఎగుమతి వరకు ఇది చేస్తుంది. కొండ మీద గాలి ఎలా పారుతుందో, ఒక టర్బైన్ నీడ ఇంకోదాని మీద ఎంత పడుతుందో చెప్పదు. మొదటిదానికి వ్యాస్ప్ లాంటిది కావాలి. రెండోదానికి డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ల పైవేక్ ఉంది, అదీ ఓపెన్ సోర్సే. నడుస్తున్న విండ్‌ఫామ్‌లో టర్బైన్లు నమోదు చేసే స్కాడా డేటా చూడాలంటే ఓపెన్‌ఓఏ వైపు వెళ్లాలి. ఈ మూడింటినీ బ్రైట్‌విండ్‌తో పోల్చి ఏది మేలు అని అడిగేవాళ్లుంటారు. అవి ఒకే పని చేసేవి కావు కాబట్టి ఆ పోలిక అనవసరం.

దీనికి బటన్లు, మెనూలు లేవు. జూపిటర్ నోట్‌బుక్‌లో నాలుగైదు లైన్లు రాయగలిగినవాళ్లకే పనికొస్తుంది. పైథాన్‌లో పట్టికలు నడిపే పాండాస్ లైబ్రరీ ఓ మాదిరిగా వచ్చి ఉండాలి, ఎందుకంటే లోడ్ చేసిన డేటా చివరికి పాండాస్ డేటాఫ్రేమే. మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. పది నిమిషాల రికార్డులు ఏడాదికి 52,560, అంటే రెండు మూడేళ్ల మాస్ట్ డేటా దీనికి ఒక లెక్క కాదు.

ఇన్‌స్టాల్ చేయడం పిప్‌తో ఒక లైను పని. అయితే దాన్ని మీరు రోజూ వాడే పైథాన్‌లోకి నేరుగా ఎక్కించకండి. ఈ లైబ్రరీ పాండాస్, నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ల మీద కూర్చుని ఉంటుంది, వాటి వెర్షన్ల మీద దీనికి పట్టింపు ఎక్కువ. వేరే ప్రాజెక్టు కోసం పాండాస్‌ను అప్‌డేట్ చేస్తే ఇక్కడ గ్రాఫులు రాకుండా పోవచ్చు, లేదా ఎర్రటి హెచ్చరికలు పేజీలకు పేజీలు రావచ్చు. విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని, అందులో దీన్నీ జూపిటర్‌నూ మాత్రమే పెట్టండి. సొంత డేటా జోలికి పోకముందు, లైబ్రరీతోపాటు వచ్చే డెమో డేటాతో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడండి. 80, 60, 40 మీటర్ల సెన్సర్లు, ఒక క్లీనింగ్ ఫైల్, మెర్రా-2 (నాసా వాతావరణ మోడల్ లెక్కగట్టిన గాలి) రిఫరెన్స్ డేటా అందులోనే ఉంటాయి. ట్యుటోరియళ్లు కూడా ఆ డేటా మీదే రాసినవి.

లోడ్ చేసేటప్పుడే మొదటి గుంట

'లోడ్_సీఎస్‌వీ'కి ఒక ఫైల్ ఇచ్చినా, ఫోల్డర్ ఇచ్చినా తీసుకుంటుంది. ఫోల్డర్ ఇస్తే లోపలి ఫైళ్లన్నీ కలిపి ఒకే పట్టికగా ఇస్తుంది. రోజుకొక ఫైల్ పంపే లాగర్లు (మాస్ట్ మీది రికార్డు పెట్టెలు) ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. క్యాంప్‌బెల్ లాగర్ ఫైళ్లకు, విండోగ్రాఫర్ నుంచి ఎగుమతి చేసిన టెక్స్ట్ ఫైళ్లకు వేరే ఫంక్షన్లున్నాయి.

చిక్కు తేదీల దగ్గర. మన దగ్గర ఎక్సెల్ గుండా వచ్చిన ఫైళ్లలో తేదీ రోజు, నెల, సంవత్సరం వరసలో ఉంటుంది. 'డేఫస్ట్' అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా 'ఫాల్స్'. అంటే 03/07 అని ఉంటే జులై మూడు కాదు, మార్చి ఏడు అని చదువుతుంది. జులై గాలి మార్చిలోకి, మార్చి గాలి జులైలోకి పోతుంది. 12 దాటిన రోజుల దగ్గరికి వచ్చేసరికి పాండాస్ వెర్షన్‌ను బట్టి ఆ తేదీలను సరిగ్గా చదివి మిగతావి తప్పుగా ఉంచొచ్చు, లేదంటే ఇండెక్స్ మొత్తాన్నీ ఉత్త అక్షరాలుగా వదిలేయొచ్చు. రెండోది జరిగితే నయం, తర్వాతి లైనే ఆగిపోతుంది. మొదటిది జరిగితే ఏ ఎర్రరూ రాదు. 'డేఫస్ట్'ను 'ట్రూ' చేసి, లోడ్ అవగానే టైమ్ సిరీస్ గ్రాఫ్ గీయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒకే గుట్టగా లేచి కనపడాలి. ప్రతి నెల మొదట్లో కొమ్ములు పొడుచుకొచ్చినట్టుంటే తేదీలు తారుమారైనట్టే.

రెండో సంగతి రికార్డు మీది సమయం ఆ పది నిమిషాల మొదలా, చివరా అన్నది. బ్రైట్‌విండ్ మొదలు అనుకుంటుంది. క్యాంప్‌బెల్ లాగర్ చివరి సమయం ముద్రిస్తుంది. కాబట్టి ఆ డేటాను పది నిమిషాలు వెనక్కి జరపాలి. అందుకు 'ఆఫ్‌సెట్_టైమ్‌స్టాంప్స్' ఉంది. పది నిమిషాలే కదా అని వదిలేస్తే గంట సగటుల్లో ప్రతి గంటకూ ఆరో వంతు డేటా పక్క గంటదై పోతుంది.

శుభ్రం చేయడం

ఈ లైబ్రరీలో మాకు బాగా నచ్చింది క్లీనింగ్ పద్ధతి. తీసేయాల్సిన కాలాలను వేరే ఫైల్‌లో రాస్తారు: సెన్సర్ పేరు, మొదలు, చివర, కావాలంటే కారణం. 'అప్లై_క్లీనింగ్' ఆ ఫైల్ చదివి ఆ ముక్కలను ఖాళీ చేస్తుంది. అసలు డేటా ఫైల్ చెక్కుచెదరదు. బ్యాంకు తరఫున వచ్చే ఇంజినీరు ఆగస్టులో ఆరు రోజులు ఎందుకు తీసేశారని అడిగితే జవాబు ఆ ఫైల్‌లోనే ఉంటుంది. మౌస్‌తో గీసి చెరిపే సాఫ్ట్‌వేర్లలో ఈ చిట్టా రాదని కాదు, వస్తుంది. కానీ ఇక్కడ అది రాయకుండా ముందుకు వెళ్లే దారే లేదు.

సెన్సర్ పేర్ల దగ్గర జాగ్రత్త కావాలి. క్లీనింగ్ ఫైల్‌లో రాసిన పేరు ఏ కాలమ్ పేరులో భాగంగా ఉన్నా ఆ కాలమ్‌కు వర్తిస్తుంది. 80 మీటర్ల ఉత్తరపు అనెమోమీటర్ (గాలి వేగం కొలిచే సెన్సర్) పేరు రాస్తే దాని స్టాండర్డ్ డీవియేషన్, గరిష్ఠ వేగం కాలమ్‌లు కూడా ఖాళీ అవుతాయి. అదే కావాల్సింది. కానీ దిక్కు రాయకుండా ఉత్త 80 మీటర్ల వేగం అని రాస్తే ఉత్తరం, దక్షిణం రెండూ పోతాయి. కాలమ్ పేర్లు ముందే ఒక పద్ధతిలో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మన ప్రాంతంలో మంచు పేరుకోవడం లేదు కాబట్టి యూరప్ గైడ్లలో సగం పేజీలు మనకు అక్కర్లేదు. మనకు తగిలేవి వేరు. బేరింగ్ అరిగిన అనెమోమీటర్ ముందు తక్కువ గాలిలో మొండికేస్తుంది, ఎక్కువ గాలిలో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ఒకే ఎత్తులో ఉన్న జంట సెన్సర్ల నిష్పత్తిని నెలనెలా, వేగాల వారీగా చూడాలి. ఇరుక్కుపోయిన విండ్ వేన్‌లో దిశ డీవియేషన్ గంటల తరబడి సున్నా ఉంటుంది. పిడుగు పడ్డ తర్వాత ఒక సెన్సర్ మాత్రమే అదే అంకె పట్టుకుని కూర్చుంటుంది. ఇలాంటి షరతులను 'అప్లై_క్లీనింగ్_రూల్స్'తో నియమాలుగా రాయొచ్చు. కానీ గ్రాఫ్ మీద కంటితో చూడకుండా నియమాలకే వదిలేయడం మంచిది కాదు.

కాలిబ్రేషన్ సవరణకు 'అడ్జస్ట్_స్లోప్_ఆఫ్‌సెట్' వాడాలి. లాగర్‌లో ఏ విలువలు పెట్టారో అవి, సర్టిఫికెట్‌లో ఉన్నవి రెండూ ఇవ్వాలి. ఎన్ఆర్‌జీ 40 రకం అనెమోమీటర్‌ను తీసుకుందాం. లాగర్‌లో అందరూ పెట్టే స్లోప్ 0.765, ఆఫ్‌సెట్ 0.35 ఉన్నాయి, ఆ సెన్సర్ సర్టిఫికెట్‌లో 0.757, 0.37 ఉన్నాయనుకోండి. లాగర్ 6.00 మీ/సె చూపిస్తే, 0.35 తీసేసి 0.765తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ 7.386 హెర్ట్జ్. దాన్ని 0.757తో గుణించి 0.37 కలిపితే 5.96. తేడా 0.7 శాతం లోపే. కానీ లాగర్‌లో అప్పటికే సర్టిఫికెట్ విలువలు పెట్టి ఉంటే, ఈ సవరణ రెండోసారి చేసినట్టవుతుంది. ఫంక్షన్‌కు ఆ సంగతి తెలిసే వీల్లేదు. నిశ్చలంగా ఉన్న వేళ సెన్సర్ ఏ అంకె చూపిస్తుందో చూడండి. అది 0.35 దగ్గర ఉంటే పాత విలువలే ఉన్నాయి, 0.37 దగ్గర ఉంటే సర్టిఫికెట్ ఎక్కించేశారు. రెండు దశాంశాలైనా దాచే లాగర్ అయితేనే ఈ పరీక్ష పనిచేస్తుంది.

ఈ వివరాలన్నీ ఒకచోట రాసి పెట్టుకోవడానికి ఐఈఏ (అంతర్జాతీయ ఇంధన సంస్థ) విండ్ టాస్క్ 43 వాళ్ల డేటా మోడల్ ఉంది. ఏ సెన్సర్, ఏ ఎత్తు, బూమ్ (సెన్సర్‌ను మోసే అడ్డ చేయి) ఏ దిశ, ఎప్పుడు మార్చారు, లాగర్ సెట్టింగ్ ఏమిటి అన్నవన్నీ ఒక జేసన్ ఫైల్‌లో ఉంటాయి. బ్రైట్‌విండ్ దాన్ని 'మెజర్‌మెంట్‌స్టేషన్'గా చదువుకుని, సవరణలన్నీ తేదీల ప్రకారం తానే చేసుకుంటుంది. ఒక మాస్ట్‌కు ఆ ఫైల్ రాయడం శ్రమే. సెన్సర్లు రెండు సార్లు మారిన మాస్ట్ అయితే ఆ శ్రమ తప్పక గిట్టుబాటవుతుంది.

టవర్ నీడకు 'సెక్టర్_రేషియో' గ్రాఫ్, 'సెలెక్టివ్_ఏవీజీ' ఫంక్షన్ జంటగా వాడాలి. మొదటిది జంట సెన్సర్ల నిష్పత్తిని 72 భాగాలుగా దిశల వారీగా గీస్తుంది. 135 డిగ్రీల బూమ్ మీది సెన్సర్ 315 నుంచి గాలి వచ్చినప్పుడు నీడలో పడాలి. గ్రాఫ్‌లో లోయ అక్కడే కనపడాలి. 290 దగ్గర కనిపించిందంటే బూమ్ దిశనో, విండ్ వేన్ ఆఫ్‌సెట్‌నో తప్పుగా రాసుకున్నారు. ఇన్‌స్టాలేషన్ రిపోర్టు ఏం చెప్పినా సరే, ఇక్కడ గ్రాఫ్‌నే నమ్మండి.

షియర్: అసలు పరీక్ష ఇక్కడే

మాస్ట్ 80 మీటర్లు, టర్బైన్ హబ్ 120 మీటర్లు. మధ్యలో ఉన్న 40 మీటర్లకు మనం చేసేది ఊహే. అందుకే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. 'షియర్.యావరేజ్' మొత్తం కాలపు సగటు వేగాల మీద ఒకే ఆల్ఫా (షియర్ ఎంతో చెప్పే ఘాతాంకం) ఇస్తుంది. 'షియర్.బైసెక్టర్' దిశల వారీగా, 'షియర్.టైమ్‌ఆఫ్‌డే' గంటల వారీగా, 'షియర్.టైమ్‌సిరీస్' ప్రతి రికార్డుకూ విడిగా ఇస్తాయి. ఎత్తుతో వేగం పెరగడాన్ని లెక్కగట్టే సూత్రాల్లో పవర్ లా, లాగ్ లా రెండూ ఉన్నాయి.

రాయలసీమ పీఠభూమి లాంటి పొడి నేలల మీద మధ్యాహ్నం నేల కాగి గాలి కిందా మీదా కలిసిపోతుంది, షియర్ పడిపోతుంది. పొద్దుగూకాక నేల చల్లబడి పొరలు విడిపోతాయి, షియర్ పెరుగుతుంది. పగలు ఆల్ఫా 0.10, రాత్రి 0.30 అనుకుని లెక్క వేయండి. 80 మీటర్ల దగ్గర 6.0 మీ/సె ఉంటే 120 దగ్గర పగలు 6.25, రాత్రి 6.78. ఒకే సగటు ఆల్ఫా 0.20 పెడితే రోజంతా 6.51. ఏడాది సగటు ఇంచుమించు సరిగ్గానే వస్తుంది, రోజు ఆకారం మాత్రం తప్పుతుంది. పగటి ఉత్పత్తి ఎక్కువగా, రాత్రి ఉత్పత్తి తక్కువగా కనిపిస్తుంది. ఒకప్పుడు దీన్ని పట్టించుకోకపోయినా నడిచేది. సోలార్‌తో జత కట్టే హైబ్రిడ్ ప్రాజెక్టుల్లో నడవదు, ఎందుకంటే అక్కడ గాలికి విలువంతా సోలార్ లేని గంటల్లోనే.

అందుకని మన సైట్లకు 'టైమ్‌ఆఫ్‌డే' వాడండి. డిఫాల్ట్‌గా అది నెలకు, గంటకు విడివిడిగా 12 ఇంటూ 24 పట్టిక ఇస్తుంది. ఒక ఏడాది డేటాతో ఒక గడికి దక్కేవి 30 రోజులు ఇంటూ 6, అంటే దాదాపు 180 రికార్డులు. పైగా 3 మీ/సె కంటే తక్కువ ఉన్నవాటిని ఫంక్షన్ తీసేస్తుంది. నైరుతి వెళ్లిపోయాక గాలి మందగించిన నెలల్లో కొన్ని గడుల్లో మిగిలేవి పిడికెడు. అప్పుడు ఆల్ఫా ఒక గంటకు 0.45, పక్క గంటకు 0.15 అని గంతులేస్తుంది. ఆ గంతులను ప్రకృతి వైచిత్ర్యం అనుకుని 120 మీటర్ల సిరీస్‌లోకి తీసుకుపోకండి. 'సెగ్మెంట్స్_పర్_డే'ను 24 నుంచి 8కో 12కో తగ్గించండి, లేదంటే నెలల వారీ విభజన ఆపేయండి. రెండు భాగాలు చేస్తే ఏడు గంటల దగ్గర మొదలుపెడుతుంది, అంటే ఉదయం 7 నుంచి సాయంత్రం 7 ఒక ముక్క. మన దగ్గర అది పెద్ద తేడా తేదు, అయినా ఆ 7 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉండటం మంచిది.

'టైమ్‌సిరీస్' మీద మాకు సదభిప్రాయం లేదు. పది నిమిషాల ముక్కలో రెండు ఎత్తుల మధ్య వచ్చే చిన్న తేడా ఆల్ఫాను ఎటైనా లాగేస్తుంది. దాన్ని చూడటానికి వాడండి, వర్తింపజేయడానికి వద్దు.

ఇంకో లెక్క. 50, 80 మీటర్ల జంటలో పై సెన్సర్ ఒక శాతం ఎక్కువ చూపిస్తోందనుకోండి. 80ని 50తో భాగిస్తే 1.6, దాని లాగరిథమ్ 0.47. ఒక శాతాన్ని దాంతో భాగిస్తే ఆల్ఫాలో 0.021 తేడా. అదే 120 మీటర్లకు తీసుకెళ్తే ఇంకో 0.86 శాతం కలుస్తుంది. మొత్తం 1.9 శాతం. సెన్సర్‌లో ఉన్న తప్పు హబ్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. 60, 80 జంట అయితే ఆల్ఫా తేడా 0.035, ఇంకా ఘోరం. బ్రైట్‌విండ్ ఈ అనిశ్చితిని లెక్కగట్టి చూపించదు. దీంట్లో అతి పెద్ద లోటు ఏదంటే మేము ఇదే చెబుతాం.

సగటు, కవరేజ్

మొదట 'కవరేజ్' నడపండి, నెలకు ఎంత శాతం డేటా ఉందో తెలుస్తుంది. తర్వాత సాదా సగటు బదులు 'మామ్' వాడండి, అంటే నెలసరి సగటుల సగటు. ఎందుకో ఒక ఊహా ఉదాహరణతో చూడొచ్చు. నైరుతి నాలుగు నెలలు 9 మీ/సె, మిగతా ఎనిమిది నెలలు 5 మీ/సె ఉన్న సైట్. ఏడాది సగటు 6.33. జూన్‌లో నిలబెట్టిన మాస్ట్‌కు పద్నాలుగు నెలల డేటా ఉంటే జూన్, జులై రెండేసి సార్లు వస్తాయి. సాదా సగటు 6.71 అవుతుంది, 6 శాతం ఎక్కువ. యూరప్ సైట్లలో ఈ తేడా ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు. అయితే ఏదైనా నెల అసలే లేకపోతే 'మామ్' దాన్ని పుట్టించలేదు. అందుకే కవరేజ్ ముందు చూడమన్నది.

'యావరేజ్_డేటా_బై_పీరియడ్' వాడేటప్పుడు దిశ కాలమ్‌లు ఏవో పేర్లు ఇచ్చి చెప్పాలి. చెప్పకపోతే 350నూ 10నీ మామూలు అంకెల్లా కలిపి 180 అంటుంది. ఉత్తరపు గాలి కాస్తా దక్షిణపు గాలైపోతుంది.

కోరిలేషన్, అరగంట పేచీ

రిఫరెన్స్‌గా సాధారణంగా, వాతావరణ మోడళ్లు లెక్కగట్టిన ఈఆర్‌ఏ5 లేదా మెర్రా-2 గాలి డేటా తీసుకుంటారు. మొదటిది 0.25 డిగ్రీల గళ్లలో 100 మీటర్ల గాలి గంటగంటకూ ఇస్తుంది. రెండోది 50 మీటర్లది, 1980 నుంచి ఉంది. రెండూ యూటీసీలో ఉంటాయి, మన లాగర్ ఐఎస్‌టీలో ఉంటుంది. మధ్య తేడా ఐదున్నర గంటలు. ఆ అరగంటే తంటా తెస్తుంది. ఈఆర్‌ఏ5ను ఐఎస్‌టీకి జరిపితే సమయాలన్నీ 5:30, 6:30 అని పడతాయి. బ్రైట్‌విండ్ గంట సగటులను నిండు గంటల దగ్గర కత్తిరిస్తుంది కాబట్టి 5:30 విలువ 5 గంటల గడిలోకి పోయి, మాస్ట్‌లో 5:00 నుంచి 6:00 దాకా ఉన్న సగటుతో జత కడుతుంది. అందుకని ఈఆర్‌ఏ5ను కదల్చకుండా మాస్ట్ డేటాను 330 నిమిషాలు వెనక్కి జరిపి యూటీసీ చేయండి. కోరిలేషన్‌కు ఈ కాపీ, షియర్‌కు ఐఎస్‌టీ కాపీ, రెండూ వేర్వేరు పేర్లతో ఉంచుకోండి. మెర్రా-2 గంట సగటు ఫైళ్లలో సమయం గంట మధ్యలోది, 00:30 అని ఉంటుంది. దాన్ని ముందు అరగంట వెనక్కి లాగితే మొదలు సమయం అవుతుంది. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి గంట కోరిలేషన్‌ను ఒక గంట ముందుకూ, వెనక్కూ జరిపి మళ్లీ నడపండి. మెర్రా-2తో ఆర్-స్క్వేర్ (రెండు సిరీస్‌లు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె) జరపని చోట ఎక్కువ రావాలి; ఈఆర్‌ఏ5 గాలి గంట సగటు కాదు, ఆ క్షణపు విలువ కాబట్టి దానితో ఒక పక్క గంట కూడా దాదాపు అంతే ఇవ్వొచ్చు. నెలసరి కోరిలేషన్‌లో ఈ తప్పు అసలు కనిపించదు.

నెలసరి కోరిలేషన్‌కు దాని సొంత మాయ ఉంది. మన దగ్గర జూన్ రాగానే మాస్ట్‌లోనూ రిఫరెన్స్‌లోనూ గాలి లేస్తుంది, అక్టోబరులో రెండూ పడతాయి. రెండింటికీ మధ్య ఋతువు తప్ప ఇంకే చుట్టరికం లేకపోయినా ఆర్-స్క్వేర్ 0.95 వస్తుంది. ఆ అంకెను రిపోర్టు మొదటి పేజీలో వేసుకుని మురిసిపోయేవాళ్లు చాలామంది. మనకు కావాల్సింది వేరు: ఒక జులై ఇంకో జులై కంటే బలహీనంగా ఉన్నప్పుడు రిఫరెన్స్ ఆ సంగతి చెప్పగలదా? దానికి రోజువారీ సగటుతో 'ఆర్డినరీలీస్ట్‌స్క్వేర్స్' (సరళరేఖ అమర్చే పద్ధతి) నడిపి, నైరుతి నెలలకు వేరుగా, మిగతా నెలలకు వేరుగా ఆర్-స్క్వేర్ చూడండి. అక్కడ 0.5కు పడిపోతే ఇరవయ్యేళ్ల రిఫరెన్స్‌తో చేసే దీర్ఘకాలిక సవరణ మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు.

'కవరేజ్_త్రెషోల్డ్' డిఫాల్ట్ 0.9. జులైలో నాలుగు రోజులు లాగర్ బ్యాటరీ పోతే కవరేజ్ 87 శాతం, ఆ జులై మొత్తం లెక్కలోంచి తప్పుకుంటుంది. పన్నెండు చుక్కల గ్రాఫ్‌లో పైచివర ఉండే చుక్క పోవడమంటే గీత వాలు ఎటైనా తిరగొచ్చు. ఏ నెలలు మిగిలాయో ఫంక్షన్ గట్టిగా చెప్పదు, మీరే లెక్కపెట్టుకోవాలి.

'స్పీడ్‌సార్ట్' దిశల వారీగా వేగాల క్రమాన్ని జతచేస్తుంది, విస్తరణను బాగా నిలుపుతుంది. కానీ 12 సెక్టర్లుగా చీల్చితే మన సైట్లలో పడమర, నైరుతి సెక్టర్లలో డేటా కుప్పలుగా, ఉత్తరాన గుప్పెడుగా ఉంటుంది. సెక్టర్లను తగ్గించి చూడండి. 'సింథసైజ్' కొలిచిన డేటా ఉన్నచోట దాన్నే ఉంచి, లేనిచోట లెక్కగట్టినది అతుకుతుంది. ఉత్పత్తి లెక్కకు ఆ అతుకుల సిరీస్‌ను నేరుగా వాడకండి. సరళరేఖ నుంచి పుట్టిన వేగాలకు ఒడుదుడుకులు తక్కువ, సగటు సరైనదే అయినా వేగపు ఘనం (మూడో ఘాతం) తక్కువ వస్తుంది, శక్తి నడిచేది ఘనం మీద. దీర్ఘకాలిక సగటు అంకె మాత్రం దాని నుంచి తీసుకుని, కొలిచిన సిరీస్‌ను 'స్కేల్_విండ్_స్పీడ్'తో ఆ సగటుకు తేవడం మేలు.

మిగతావి

టర్బులెన్స్‌కు 'టీఐ.బై_స్పీడ్' బాగానే పనిచేస్తుంది, సగటు టీఐ (టర్బులెన్స్ తీవ్రత), 90 పర్సంటైల్ టీఐ రెండూ ఇస్తుంది. టర్బైన్ ప్రమాణాల్లోని ఐఈసీ తరగతులు ఏ 0.16, బీ 0.14, సీ 0.12 అన్నవి 15 మీ/సె దగ్గరి విలువలు. ఆ వేగం దగ్గర మీకు ఎన్ని రికార్డులున్నాయో పక్క కాలమ్‌లో చూడకుండా తరగతి తేల్చకండి.

గాలి సాంద్రత లెక్కగట్టే 'క్యాల్క్_ఎయిర్_డెన్సిటీ'కి పీడనం హెక్టోపాస్కల్‌లో ఇవ్వాలి. 950 హెక్టోపాస్కల్, 30 డిగ్రీలకు 1.092 వస్తుంది, ప్రామాణికమైన 1.225 కంటే 11 శాతం తక్కువ. పీడనం సెన్సర్ మాస్ట్ అడుగున ఉంటే హబ్ ఎత్తు కూడా ఇవ్వండి. కిలోమీటరుకు 0.113 చొప్పున తగ్గిస్తుంది, 110 మీటర్లకు అది ఒక శాతం పైనే.

డాక్యుమెంటేషన్ మిశ్రమం. ఫంక్షన్ల వివరణలు ఉదాహరణలతో సహా బాగున్నాయి. ట్యుటోరియళ్లు మాత్రం కొన్ని విషయాలకే ఉన్నాయి. ఎర్రర్ సందేశాలు చాలాసార్లు పాండాస్ లోపలి నుంచి వస్తాయి, కొత్తవాళ్లకు అర్థం కావు. గ్రాఫులు విశ్లేషణకు చాలు. రిపోర్టులో వేయాలంటే రంగులు, అక్షరాలు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోకి దిగి మార్చుకోవాలి. లైడార్ (లేజర్‌తో గాలి కొలిచే పరికరం) డేటా ఫైల్‌గా ఉంటే లోడ్ అవుతుంది, కానీ లైడార్‌కే ప్రత్యేకమైన సవరణలు ఆశించొద్దు. బ్రైట్‌హబ్ అనే వాళ్ల వేదిక నుంచి డేటా తెచ్చుకునే ఫంక్షన్లకు ఖాతా కావాలి, అది లేకపోయినా మిగతాదంతా నడుస్తుంది.

ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లున్న చిన్న కన్సల్టెన్సీలకు, ఎంటెక్ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, పది మాస్ట్‌ల డేటాకు ప్రతి నెలా ఒకే రకం రిపోర్టు తీయాల్సినవాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్క మాస్ట్, ఒక్కసారి, పైథాన్ రాదు అంటే వద్దు. విండోగ్రాఫర్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఒకే మాస్ట్ డేటాను రెండింటిలోనూ నడిపి నెలసరి సగటులు, ఆల్ఫా, కోరిలేషన్ వాలు పోల్చండి. తేడా వస్తే ముందు కనిష్ఠ వేగం 3 మీ/సె షరతు, కవరేజ్ హద్దు, సమయ ముద్ర చూడండి. సాధారణంగా తేడా ఈ మూడింట్లోనే దొరుకుతుంది. రిపోర్టు ఇచ్చేనాటి నోట్‌బుక్, క్లీనింగ్ ఫైల్, బ్రైట్‌విండ్, పాండాస్ వెర్షన్ నంబర్లు ఒకే ఫోల్డర్‌లో దాచండి. రెండేళ్ల తర్వాత బ్యాంకు మళ్లీ అడిగినప్పుడు అదే అంకె మళ్లీ రావాలంటే ఆ నాలుగూ కావాలి.